ట్యాంకులో ఆరు సీసాల నీలం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందు ఉంది. అందులోకి ఇప్పటికీ నేను ముఖానికి చున్నీ చుట్టుకుని గానీ వెళ్లను. ఎండకని అనుకుంటారేమో, ఎండకు కాదు. ఆ సందులోని ఒక బిల్డింగులో, ఒక శనివారం మధ్యాహ్నం, నేను చేసిన ఘనకార్యం అలాంటిది. ఇల్లు కాలబెట్టినవాళ్లను చూసి ఉంటారు, గోడ కూలగొట్టినవాళ్లను చూసి ఉంటారు. నేను ఒక బిల్డింగు మొత్తం చేత, నల్లా నల్లాలోంచి, నీలం కక్కించాను. అదీ పరీక్ష బాగా రాద్దామనే మంచి బుద్ధితో! నవ్వితే నవ్వండి గానీ చివరిదాకా చదివి నవ్వండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది.

నా పేరు స్వరూప. ఎల్బీనగర్‌లో కిరాయి ఇల్లు, చేతిలో ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా. లేనిదల్లా నిలకడ. పది నిమిషాలు కుర్చీలో కూర్చున్నానంటే కాళ్లలో చీమలు పాకుతాయి. ఆ చీమల పుణ్యమా అని అప్పటికే మూడు ఉద్యోగాలు మానేశాను. మా అక్క అనసూయ నర్సు. దవాఖానలో తెలిసినవాళ్లనందరినీ బతిమాలి నాకు నాలుగో ఉద్యోగం చూసింది.

"ఏం కొలువక్కా అది?"

"పెద్ద అంబర్‌పేట్‌ల లారీల కంపెనీ. డ్రైవర్లు మత్తుమందులేమన్న తీసుకుంటున్నరా అని టెస్టు చేస్తరు. నువ్వు శాంపిల్ తీసుకునుడే."

"ఏం శాంపిల్?"

అక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "ఉచ్చ," అంది.

"ఉచ్చ డబ్బా పట్టుకొనుటానికి మళ్ల ట్రైనింగు, సర్టిఫికెటు గూడనా?"

"నోర్ముయ్. ఒక మనిషి నౌకరీ నీ చేతులుంటది. నువ్వు తప్పు రాస్తె మంచోడు రోడ్డున పడ్తడు, మత్తుల ఉన్నోడు లారీ నడుపుతడు. సోమవారం పొద్దుగాల తొమ్మిదింటికి సర్టిఫికెట్ పట్టుకొని పోవాలె. లేకుంటె ఆ పోస్టు ఇంకొకలకు. నీ గురించి నేను మాటిచ్చిన. ఈసారి గూడ ఇజ్జత్ తీసినవనుకో, నువ్వు నా చెల్లెవని చెప్పుకునుడే బంజేస్త."

మా అక్క ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించే మనిషి కాదు. అందుకని బుద్ధిగా ట్రైనింగులో చేరాను.

మా ట్రైనింగు సెంటరు ఆ బిల్డింగు రెండో అంతస్తులో. కింద కిరాణా కొట్టు, మొదటి అంతస్తులో ఆడపిల్లల హాస్టల్, మూడో అంతస్తులో ఓనరు సత్తెమ్మ. మాకు చెప్పే సారు పేరు ప్రభాకర్. బట్టతల, ముక్కు చివర కళ్లద్దాలు, నవ్వడానికి ఎవరి పర్మిషనో రావాల్సి ఉన్నట్టు ముఖం.

"చూడండమ్మా, కప్పు మీ కంటి ముందు నుంచి పోకూడదు. నాలుగు నిమిషాల్లోపు వేడి చూడాలి. సీలు ఆ మనిషి ముందే వేయాలి. అన్నిటికంటే ముఖ్యం, మీ కంటికి కనబడింది కనబడినట్టు రాయాలి. మీ ఊహ రాయకూడదు, మీ భయం రాయకూడదు," అని రోజూ సుప్రభాతంలా చదివేవారు.

చివరి రోజు పరీక్ష. ఉత్తుత్తి కలెక్షన్లు వరసగా ఐదు చేయాలి. ఐదూ తప్పు లేకుండా చేస్తేనే సర్టిఫికెట్. తోటి విద్యార్థి ఒకరు డ్రైవరు వేషం వేస్తారు. నిజం శాంపిల్ అక్కర్లేదు, గోరువెచ్చని నీళ్లలో చిటికెడు పసుపు కలిపి పట్టుకొస్తే చాలు. నాకు డ్రైవరు వేషం కట్టింది వీర్రాజు. భీమవరం దగ్గరి మనిషి, నాగోల్‌లో ఉంటాడు. మర్యాద మోతాదు కాస్త ఎక్కువ. బస్సులో కాలు తొక్కినవాడికి కూడా 'థాంక్సండీ' చెబుతాడు.

ఇప్పుడు అసలు పాపం దగ్గరికి వద్దాం. ట్రైనింగు రెండో రోజు ఒక అరగంట క్లాసు నేను ఎగ్గొట్టాను. చెప్పు తెగింది. తెగిన చెప్పు సాయంత్రం దాకా ఆగుతుంది, నేను ఆగను. కిందికి దిగి, రోడ్డు మీద చెప్పుల బండి దగ్గర బేరమాడి, కొత్త జత వేసుకుని తిరిగొచ్చేసరికి ఆ పాఠం అయిపోయింది. ఆ అరగంటలో సారు ఏం చెప్పారో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే చెప్పేస్తాను, నాలాగా బలైపోకండి. టెస్టుకొచ్చిన మనిషి బాత్రూములోకి వెళ్లి, కమోడ్‌లోని నీళ్లు కప్పులో కలిపి మోసం చేయవచ్చు. అలా చేయకుండా, కమోడ్ వెనకాల ఉండే ఫ్లష్ ట్యాంకులో ముందే నీలం వేస్తారు. ఆ నీళ్లు కలిపితే రంగు పట్టిచ్చేస్తుంది. ఇంతే సంగతి. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి, క్లాసులో ఉంటే.

నేను వీర్రాజు నోట్సు అడిగి రాసుకున్నాను. మాటల్లో గోదావరి పారించే ఆ మహానుభావుడు నోట్సులో మాత్రం పరమ పిసినారి. మొత్తం పాఠానికి ఒక్క లైను రాసుకున్నాడు: 'మనిషి రాకముందే ట్యాంకులో నీలం.'

శనివారం పొద్దుటి నుంచి నాలుగు కలెక్షన్లు చేశాను. నాలుగూ బంగారంలా వచ్చాయి. వాటికి బాత్రూము సారే సిద్ధం చేసి పెట్టారు. ఐదోదానికి మాత్రం అన్నీ మనమే చేసుకోవాలి. మధ్యాహ్నం రెండు గంటలకు సారు కళ్లద్దాల మీదుగా చూసి అడిగారు.

"స్వరూపా, ట్యాంకులో నీలం వేశావామ్మా?"

"ఇప్పుడే వేస్తా సార్."

"ఎలా వేయాలో తెలుసుగా?"

ఇదిగో, ఇక్కడ! 'తెలియదు సార్' అన్న రెండు మాటలు అంటే నా బతుకు మరోలా ఉండేది. కానీ క్లాసు ఎగ్గొట్టానని తెలిస్తే ఏమంటారో అని, "ఎందుకు తెల్వద్ సార్!" అన్నాను, పైగా కాస్త కోపంగా.

న్యాయం మీరే చెప్పండి. మన ఇళ్లలో ట్యాంకు అంటే ఏ ట్యాంకు? పొద్దున లేస్తే 'మోటరేసినవా, ట్యాంకు నిండిందా, ట్యాంకు పొంగుతున్నది బంజెయ్' అనే మాటల మధ్య పెరిగినదాన్ని. నాకు తెలిసిన ట్యాంకు ఒక్కటే, డాబా మీద నల్లగా కూర్చుని ఉంటుంది. పైగా నా బుర్రకు అందులో గొప్ప తర్కం కూడా కనబడింది. మోసగాడు ఏ నల్లా తిప్పినా నీలమే రావాలి, ఎంత పకడ్బందీ ఏర్పాటు! ఈ రూలు రాసినవాడికి మనసులోనే దండం పెట్టుకుని కిరాణా కొట్టుకు పరిగెత్తాను.

"అన్నా, బట్టల నీలం ఉన్నదా?"

"ఉన్నదమ్మా. ఎన్ని సీసాలు?"

"ట్యాంకుకు ఎన్ని పడ్తయి?"

"దేనికీ?"

"ట్యాంకుకన్నా. వెయ్యి లీటర్లది."

"బకెట్‌కు నాలుగు చుక్కలు చాలమ్మా. వెయ్యి లీటర్లంటే... ఎవరి బట్టలు గివన్ని? ఫంక్షన్ హాలువా?"

"బట్టలు కాదన్నా, పరీక్షకు."

"ఏం పరీక్షమ్మా?"

"మూత్ర పరీక్ష."

ఆయన ఇంకేమీ అడగలేదు. ఆరు సీసాలు గల్లా మీద పెట్టి ఒక అడుగు వెనక్కి జరిగాడు.

డాబా తాళం సత్తెమ్మ దగ్గర ఉంటుంది. ఆ సందు పొలంగా ఉన్నప్పుడు అందులో జొన్న వేసిన కుటుంబం వాళ్లది. ఇప్పుడు జొన్న బదులు కిరాయి పండుతోంది. ఆమె గొంతెత్తితే మెట్ల మీద నడిచేవాళ్లు ఆగిపోతారు.

"ఎవలు బిడ్డ నువ్వు?"

"రెండో అంతస్తుల ట్రైనింగుకు ఒస్తున్న పెద్దమ్మా. ట్యాంకుల బ్లూయింగ్ చెయ్యాలె, డాబా తాళం ఇస్తరా?"

"బ్లీచింగా!" ఆమె ముఖం విచ్చుకుంది. "ఆ హాస్టల్ పోరీలు నెల సంది నా పానం తింటున్నరు, నీళ్లల్ల పురుగులొస్తున్నయ్, బ్లీచింగెయ్యున్రి, బ్లీచింగెయ్యున్రి అని. దేవుడు పంపినట్టే ఒచ్చినవ్. ఇగో తాళం. మంచిగెయ్యి బిడ్డ, కమ్మి చెయ్యకు."

నేను సవరించలేదు. బ్లీచింగో బ్లూయింగో, నాకు కావలసింది తాళం. పెద్దామె 'కమ్మి చెయ్యకు' అంది కదా అని ఆరుకు ఆరూ వంపేశాను. ట్యాంకు లోపల ఆకాశం కనిపించింది. అంత అందంగా ఏ పనీ చేయలేదనిపించి, తాళం ఇచ్చేసి, చేతులు దులుపుకుంటూ కిందికి దిగాను.

ఐదో కలెక్షన్ మొదలైంది. సారు గదికి ఆ చివర కుర్చీలో, చేతిలో చెక్‌లిస్టుతో కూర్చున్నారు. వీర్రాజు గుర్తింపు కార్డు చూశాను, జేబులు ఖాళీ చేయించాను, కప్పు ఇచ్చాను. పొద్దున కలిపిన పసుపు నీళ్లు నాలుగు కలెక్షన్లతో అయిపోయాయి. అందుకని వీర్రాజు మూలనున్న వంటగదిలోకి వెళ్లి, స్టీలు కెటిల్‌లో నల్లా నీళ్లు పట్టి, కాస్త వేడి చేసి, చిటికెడు పసుపు వేసి, దాన్ని ఫ్లాస్కులో పోసుకుని బాత్రూములోకి వెళ్లాడు. తలుపు తెరుచుకునేసరికి ముఖం పాలిపోయి ఉంది.

"ఏవండీ స్వరూపగారూ," అన్నాడు గుసగుసగా, "ఇదేదో తేడాగా ఉందండీ."

కప్పులోకి చూశాను. నీలంలో పసుపు పడితే ఏ రంగు వస్తుందో మీకు తెలుసు. గోంగూర ఉడకబెట్టిన నీళ్లలా, ఆకుపచ్చగా, మెరుస్తోంది!

"ఏం కలిపినవ్ దీంట్ల?"

"పసుపేనండీ! అమ్మతోడండీ! మామూలు నల్లా నీళ్లేనండీ బాబూ!"

అదే క్షణంలో కింద హాస్టల్ నుంచి కేక. "ఆంటీ! నల్లాల నీలం నీళ్లొస్తున్నయ్!" దాని వెనకే ఇంకొకటి. "నేను తలస్నానం చేస్తున్ననే! నా జుట్టూ!"

ట్యాంకు అంటే ఆ ట్యాంకు కాదని అప్పుడు, ఆ కేకలో, నాకు పూర్తి పాఠం అర్థమైంది. సారు చెబితే అరగంట పట్టింది, ఆ పిల్ల ఒక్క అరుపుతో చెప్పేసింది.

"ఏమిటా గొడవ?" అన్నారు సారు, లేవకుండానే.

"హాస్టల్ సార్. రోజూ ఉండేదే," అన్నాను.

సోమవారం తొమ్మిది గంటలు కళ్ల ముందు గిర్రున తిరిగాయి. అక్క ముఖం తిరిగింది. మింగలేను, కక్కలేను. నాలుగు నిమిషాల్లో వేడి చూశాను, సీలు వేశాను. శాంపిల్ పోసిన సీసాల చుట్టూ లేబుళ్లు అంటించి సంచీలో పెట్టాక రంగు ఎవరికి కనబడుతుంది? ఇక మిగిలింది ఫారం. అందులో 'రంగు, ఇతర వివరాలు' అని ఒక గడి. పెన్ను ఆ గడి మీద ఆగింది. అప్పుడు నా బుర్రలో, చదువుకునేటప్పుడు ఏనాడూ వెలగని బల్బు వెలిగింది.

'పచ్చ' అని రాశాను.

చూశారా తెలివి! మన భాషలో ఎంత సౌకర్యం! పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. పచ్చకామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. ఉద్యోగం కావలసిన దానికి ఏ పచ్చయినా ఒకే పచ్చ. అబద్ధం ఆడలేదు, నిజం చెప్పలేదు. ఫారం సారు ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

సారు పై నుంచి కిందికి చదివారు. ఒక్కో గడికీ టిక్కు. టిక్కు, టిక్కు, టిక్కు. ఆ గడి దగ్గర పెన్సిలు ఆగింది.

"పచ్చ."

"అవును సార్."

"ఏ పచ్చ?"

నోరు తెరిచాను. ఈలోగా మెట్ల మీద ధనధనా అడుగులు, తలుపు తోసుకుని సత్తెమ్మ. చేతిలో బకెట్, బకెట్ నిండా నీలం, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"ఏది ఆ బ్లీచింగ్ పిల్ల? ఇగో నువ్వేనా! నిన్నేమంటలేను బిడ్డ, నీ తప్పేం లేదు. ఆ కిరాణా కొట్టోడు నీకు నకిలీ బ్లీచింగ్ అంటగట్టిండు! వానికి షట్టర్ కిరాయికిచ్చిందే నేను, ఈ నెలనే ఖాళీ చేయిస్త! చల్, వాని మొఖం మీదనే అడుగుదాం!"

ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, నా నీలం పోయి ఆ కొట్టాయన మీద పడింది. ఒక్కసారి ఆలోచించండి. నేను చేయాల్సిందేమీ లేదు. నోరు మూసుకుని తలూపితే చాలు. కొట్టాయన మీద నింద, నా చేతికి సర్టిఫికెట్, అక్క దగ్గర మర్యాద. 'తప్పు రాస్తె మంచోడు రోడ్డున పడ్తడు' అని అక్క అన్న మాట ఉద్యోగంలో చేరకముందే నిజం అయ్యేలా ఉంది. పాపం, 'బకెట్‌కు నాలుగు చుక్కలు చాలమ్మా' అని మొత్తుకున్న మనిషి! నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆకుపచ్చ సార్," అన్నాను.

"ఏమిటీ?"

"ఆ పచ్చ ఆకుపచ్చ సార్. వీర్రాజు తప్పు కాదు, కొట్టాయన తప్పు అసలే కాదు. డాబా మీది ట్యాంకుల నేనే ఆరు సీసాల నీలం పోసిన. అది బ్లీచింగ్ కాదు పెద్దమ్మా, బట్టల నీలం. ఆ రోజు క్లాసుల లేకుంటి సార్. చెప్పుల కోసం పోయిన."

సత్తెమ్మ బకెట్ వంక చూసింది, నా వంక చూసింది. వీర్రాజు మాత్రం మెల్లగా, "ఆరా అండీ?" అన్నాడు.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "డాబా మీది ట్యాంకులో..." అని ఒకసారి, "ఆరు సీసాలు..." అని ఒకసారి అనుకున్నారు. భుజాలు కదిలాయి. ఆయన ఏడుస్తున్నారనుకుని కంగారు పడ్డాను. కాదు, నవ్వుతున్నారు. పర్మిషన్ వచ్చినట్టుంది.

నవ్వు అయ్యాక ఫారం అడ్డంగా కొట్టేశారు. "ఈ కలెక్షన్ చెల్లదు. ఐదోది మళ్లీ చేయాలి. ఆరింటికి నేను పేర్లు పంపించాలి, ఆలోపు చేస్తే నీ పేరు ఉంటుంది. నువ్వు 'పసుపు పచ్చ' అని ఉంటే, అమ్మాయ్, ఈ జన్మలో నీకు సర్టిఫికెట్ ఇచ్చేవాణ్ని కాదు."

"మల్ల చేస్త సార్! ఇప్పుడే చేస్త!"

"ఎట్ల చేస్తవ్?" అంది సత్తెమ్మ. "నీళ్లేయి? ముందుగాల ట్యాంకు కడుగు!"

అప్పటికి టైము మూడు దాటింది. కొంగు నడుముకు దోపి సత్తెమ్మ ముందు, బ్రష్షు పట్టుకుని నేను వెనక, "జాగ్రత్తండీ, జారుద్దండీ" అంటూ వీర్రాజు ఆ వెనక. నీళ్లు వదిలేసి, మూత తీసి, లోపలికి దిగాను. అడుగున నీలం గడ్డపెరుగులా పేరుకుని ఉంది. పైనుంచి సత్తెమ్మ తిట్ల వాన. ట్యాంకులో తలదూర్చాక సత్తెమ్మ తిట్లకు వెరవనేల?

"గా మూలకు రుద్దు! గట్ల గాదు, జర జోరుగ! ఏం తింటివే పొద్దుగాల?"

నాలుగున్నరకు ఆ తిట్లు హఠాత్తుగా ఆగిపోయాయి. తల బయటపెట్టి చూస్తే, ఆమె దండెం మీది ధోతి ఒకటి పట్టుకుని ఎండకు అడ్డం పెట్టి చూస్తోంది. మధ్యాహ్నం ఆ నీళ్లలోనే ఉతికిందట.

"మా ముసలాయన ధోతులు," అంది మెల్లగా, "పెండ్లైనప్పటి సంది గింత తెల్లగ ఎన్నడు రాలే."

తిట్లు తగ్గాయి. ట్యాంకర్‌కు ఫోను కూడా ఆమే చేసింది, డబ్బులు మాత్రం నావే. ఐదుంపావుకు కొత్త నీళ్లు ఎక్కాయి. ఐదున్నరకు వీర్రాజు కప్పు పట్టుకుని బయటికొచ్చాడు. "మామూలుగా ఉందండీ!" అని రెండు చేతులూ ఎత్తబోయి, కప్పు గుర్తొచ్చి ఆగాడు. ఈసారి ఆ గడిలో 'లేత పసుపు రంగు' అని మూడు మాటలూ విడివిడిగా, ఒకటో తరగతి పిల్లలా గుండ్రంగా రాశాను. ఆరుకు ఐదు నిమిషాలుండగా సారు సంతకం పెట్టారు.

సోమవారం తొమ్మిదికి పది నిమిషాల ముందే పెద్ద అంబర్‌పేట్‌లో ఉన్నాను. ఇస్త్రీ చుడీదారు, చేతిలో సర్టిఫికెట్. మొదటి డ్రైవరు వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, ఇరవయ్యేళ్లుగా లారీ నడుపుతున్నాడట. భయంగా నిలబడ్డాడు. నేను కొత్త అధికారిణిలా గొంతు సవరించుకున్నాను.

"చూడన్నా, భయపడకు. ఇక్కడ అంతా పద్ధతి ప్రకారం జరుగుతది. ముందుగాల నా ముందర చేతులు కడుక్కో. గోర్లల్ల గూడ మురికుండొద్దు."

అంటూ నల్లా చూపించడానికి చెయ్యి చాచాను. ఆదివారమంతా రుద్దినా పోలేదు. సబ్బు, నిమ్మకాయ, కిరసనాయిలు, అన్నీ అయ్యాయి. వేళ్ల చివర నుంచి మోచేతి దాకా చెయ్యి నీలం, గోళ్లు ఇంకా ముదురు నీలం.

ఆయన ఆ చెయ్యి చూశాడు. నా ముఖం చూశాడు. మళ్లీ చెయ్యి చూశాడు.

"అక్కా," అన్నాడు, "మత్తు పరీక్ష నాకా, నీకా?"

అక్కడికక్కడే ఆ నీలం చేతులు గుండెల మీద పెట్టుకుని, ఇద్దరు గుమాస్తాలూ ఒక లారీ డ్రైవరూ సాక్షులుగా, శపథం చేశాను. తెలియనిది తెలియదని చెబుతాను, అడగడానికి ఇక సిగ్గుపడను. ఈ జన్మలో ఎవరైనా నన్ను ట్యాంకులో ఏదైనా వేయమంటే, అది ఏ ట్యాంకో, ఏ అంతస్తులో ఉందో, ఎన్ని చుక్కలు వేయాలో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే తప్ప మూత ముట్టుకోను. ఆ సంతకం కూడా నల్ల సిరాతోనే ఉండాలి.